రెండో మచ్చ

పెంటయ్య మాత్రలు అమ్ముకుంటున్నాడన్న మాట మొదట డాక్టరు విశ్వనాథం నోట వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా అది నాచారంలోని ఆ మందుల కంపెనీ అంతా తిరిగి, గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా పాకిపోయింది.

పెంటయ్య ఆ కంపెనీలో కుక్కల షెడ్డు చూసుకునే మనిషి. ఉప్పల్ పాత ఊరివాడు. ద్రాక్షతోటల్లో కూలి చేస్తూ పెరిగి, కంపెనీ పెట్టిన కొత్తలోనే పనికి కుదిరాడు. నలభై దాటాయో లేదో కీళ్ళు పట్టేశాయి. వేళ్ళు వాచి అల్లం కొమ్ముల్లా వంకరపోయాయి. పొద్దున్నే చొక్కా గుండీలు భార్య ఐలమ్మ పెడితే తప్ప పనికి రాలేడు. డాక్టరు పరీక్షించి కంపెనీలో తయారయ్యే ప్రెడ్నిసోన్ మాత్రలే రాసిచ్చాడు. వాపుకూ నొప్పికీ దాన్ని మించింది లేదని 1973లో ఆ కంపెనీలో చిన్నా పెద్దా అందరికీ నమ్మకం. అకౌంట్లలో పనిచేసే ఆయనకు ఆ మాత్రలతోనే మోకాళ్ళు వంగాయి. పెంటయ్యకు మాత్రం ఎన్నాళ్ళు వేసుకున్నా వేలు కూడా వంగలేదు.

"ఈ మాత్ర వేసుకుంటే ముఖం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది. నీకేవీ లేవు. మింగితే కదా ఉండడానికి! బయట ఎవరికి అమ్ముతున్నావ్?" అని డాక్టరు నలుగురి ముందూ అడిగాడు.

పెంటయ్య తలొంచుకున్నాడు. "నా బిడ్డ మీద ఒట్టు సారూ, రోజు మింగుతున్న. పానం మంచిగైతలేదు, నేనేం జేయాలె?" అన్నాడు.

"ఒట్లు నా దగ్గర కాదు."

ఆ సమయానికి ఏదో పనిమీద దవాఖానా గదిలోకి వచ్చిన బసవరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. పరిశోధన విభాగంలో కుర్ర శాస్త్రవేత్త అతను. తెనాలి నుంచి వచ్చి చిల్కానగర్‌లో అద్దెకుంటున్నాడు. కుక్కల షెడ్డు అతని కిందే ఉంది కనుక పెంటయ్యను రోజూ చూస్తూనే ఉంటాడు. కానీ కిటికీ వెలుగులో, తలొంచుకుని నిలబడ్డ ఆ మనిషిని పరీక్షగా చూడడం అదే మొదటిసారి. కళ్ళలో తెల్లగుడ్డు పసుపు తిరిగి ఉంది. చేతులు పుల్లల్లా చిక్కి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. అరచేతులు ఎర్రగా కందినట్టున్నాయి.

బసవరాజు గుమ్మం దాటి ఇంకాస్త దగ్గరికి వచ్చాడు. జాలితో కాదు.

అతను చాలాకాలంగా వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటి మనిషినే. ప్రెడ్నిసోన్ నిజానికి మందు కాదు, మందు కాబోయే పదార్థం. కడుపులోంచి రక్తంలో కలిసి కాలేయానికి చేరాక, అక్కడి ఎంజైము ఒకటి దానికి హైడ్రోజన్ చేర్చి ప్రెడ్నిసొలోన్‌గా మారుస్తుంది. వాపు తీసేది ఆ మారిన రూపమే. కాలేయం బాగున్నవాడు రెండిట్లో ఏది మింగినా ఒకటే. చెడినవాడికి మాత్రం ప్రెడ్నిసోన్ ఎంత మింగినా లాభం ఉండకపోవచ్చు. నేరుగా ప్రెడ్నిసొలోన్ ఇస్తే కాలేయంతో పనిలేకుండా పనిచేస్తుంది. ఈ సంగతి రుజువు చేయాలని అతను కుక్కల కాలేయాలను కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రవంతో పాడుచేసి, మాత్రలు పెట్టి, రక్తం తీసి చూస్తున్నాడు. డైరెక్టరు రామచంద్రరావు ఆ కాగితాలు చూసి నవ్వాడు. "ఏమయ్యా బసవరాజూ, మనం మాత్రలు అమ్మేది కుక్కలకా? మనిషిలో చూపించు, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు.

ఆ ద్రవాన్ని పల్లీనూనెలో కలిపేదీ, గొట్టంతో కుక్కల కడుపులోకి పోసేదీ పెంటయ్యే. కిటికీలు సరిగా తెరుచుకోని గది అది. అక్కడ ఏళ్ళ తరబడి ఆ తియ్యటి వాసన పీల్చాడు. డాక్టరు మాత్రం కళ్ళు చూసి కల్లు తాగి తెచ్చుకున్న కామెర్లని తేల్చేశాడు. పెంటయ్య బోనాలకు, పెళ్ళిళ్ళకు తప్ప కల్లు ముట్టడని బసవరాజుకు తెలుసు. అయినా ఏమీ అనలేదు.

"డాక్టరుగారూ, మందు ఇకనుంచి నా దగ్గర పెట్టండి. రోజూ పొద్దున్నే నా ఎదురుగా మింగిస్తాను. రక్తం కూడా తీసి చూస్తాను. మింగుతున్నాడో లేదో తేలిపోతుంది" అన్నాడు.

పెంటయ్య వంకర వేళ్ళతోనే చేతులు జోడించాడు. తను దొంగ కాదని నిరూపించడానికి దేవుడిలా ఒకడు దొరికాడనుకున్నాడు.

మర్నాటి నుంచి షెడ్డు ముందు అదొక తంతు. డ్యూటీకి వచ్చేవాళ్ళంతా చూస్తుండగా పెంటయ్య నిలబడి నోరు తెరవాలి. బసవరాజు నాలుక మీద మాత్రలు పెట్టి నీళ్ళిస్తాడు. మింగాక మళ్ళీ నోరు తెరిపించి, నాలుక పైకెత్తమని, బుగ్గల లోపల చూస్తాడు. ప్యాకింగ్ సెక్షన్ వాళ్ళు బస్సు దిగి వస్తూ ఆగి చూసేవారు. "అరె, గొంతులకెల్లి కూడ తీసి అమ్ముతడేమో జూడున్రి" అని ఒకడంటే మిగతావాళ్ళు నవ్వేవారు. పెంటయ్య కళ్ళు మూసుకుని ఇంకాస్త వెడల్పుగా నోరు తెరిచేవాడు.

ఇంత కచ్చితంగా మందు మింగే రోగి ఏ పెద్దాసుపత్రిలోనూ దొరకడని బసవరాజుకు ఆ నిమిషంలోనే అనిపించింది.

రక్తం తీసి, అందులోని మందును వేరుచేసే పని ల్యాబులో తారామణిది. చిన్న గాజుపలక మీద తెల్లటి పొడి పూసి, దానిపైన చుక్క పెట్టి, ద్రావకంలో నిలబెడుతుంది. కాసేపటికి చుక్క పైకి పాకి, దేనికది వేరైపోతుంది. మింగిన ప్రెడ్నిసోన్ ఒక మచ్చ. కాలేయం మార్చిన ప్రెడ్నిసొలోన్ దాని కింద ఇంకో మచ్చ. ముందుగా తారామణి భర్తకు అదే మాత్ర మింగించి, ఆయన రక్తంతో చేసి చూశారు. ఆయన రైల్వేలో పనిచేసే ఆరోగ్యవంతుడు. కింది మచ్చ నల్లగా, స్పష్టంగా వచ్చింది. తర్వాత పెంటయ్య పలక వచ్చింది. పై మచ్చ ఉంది. కింద ఏదో నీడలాంటిది ఉందంటే ఉంది, లేదంటే లేదు.

తారామణి పలక పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. "సార్, చూడండి! పాపం, ఆయన నిజంగానే మింగుతున్నాడు. మందు ఒంట్లోకి వెళ్తోంది, మారడం లేదంతే. డాక్టరుగారికి చూపిద్దామా?"

"చూపిద్దాం. ఒక్కసారి చూపించి ఊరుకుంటే ఏదో పొరపాటంటారు. మళ్ళీ మళ్ళీ చేసి చూడాలి."

"అందాకా మాత్ర మార్చొచ్చు కదండీ? ప్రెడ్నిసొలోన్ సీసా మన బీరువాలోనే ఉంది."

"మారుస్తే ఏం తెలుస్తుంది తారామణిగారూ? ముందు ఇది గట్టిగా తేలనివ్వండి" అన్నాడు బసవరాజు.

అలా తేలడానికి వానాకాలం గడిచిపోయింది. పలక వెనక పలక. అన్నిటిలోనూ ఒక్కటే మచ్చ. పెంటయ్య నడక కుంటుగా మారింది. మోకాళ్ళు ముడిచి కూర్చోలేక షెడ్డు నేలమీద దేకుతూ బోనులు కడిగేవాడు. రొట్టె తుంచుకోలేక గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టి, కుక్కల్లాగే మూతి ఆనించి తినడం ఒకసారి బసవరాజు కిటికీలోంచి చూశాడు. చూసి కిటికీ దగ్గరనుంచి వచ్చేశాడు. ఆ సాయంత్రం వ్యాసానికి పేరేం పెట్టాలా అని ఆలోచించాడు.

ఒకరోజు ఐలమ్మ కాలం కాని కాలంలో కాసిన ద్రాక్షగుత్తులు కొంగులో కట్టుకుని వచ్చింది. ఆమె ఇప్పటికీ ఆ తోటల్లోనే కూలి చేస్తుంది. షెడ్డు బయట చెప్పులు విడిచి నిలబడింది.

"సారూ, గా గోలీలు పనిజేస్తలెవ్వు. పొద్దందాక మూల్గుడే. ఇంకేదన్న మందుంటే ఇయ్యున్రి, మీ కాళ్ళు మొక్కుత."

"ఉంది ఐలమ్మా, చూస్తున్నాం. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టాలి."

"ఓపికనే పడుతున్నం సారూ. జనం దొంగ అంటున్రు. పొద్దుగాల అందరి ముంగల నోరు తెర్సుడు ఆయనకు మస్తు సిగ్గైతున్నది. ఒక్కమాట మీరన్న సెప్పున్రి, దొంగ కాదని."

"చెప్తాను. సమయం రావాలి."

ద్రాక్షగుత్తులు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. తియ్యగా ఉన్నాయి. బసవరాజు తిన్నాడు.

దసరా వెళ్ళాక మాత్ర మార్చాడు. ఆ మార్పు కూడా పరీక్షలో భాగమే. పెంటయ్యకు చెప్పలేదు. అదే తెలుపు, అదే పరిమాణం. డాక్టరుకూ చెప్పలేదు. వారం తిరక్కముందే పెంటయ్య పిడికిలి మూసి చూపించాడు. తర్వాత గుండీలు తనే పెట్టుకుని వచ్చాడు. ఒకనాటి పొద్దున బస్సులో కాకుండా ఉప్పల్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, షెడ్డు ముందు దిగి, చిన్నపిల్లాడిలా బెల్లు కొట్టాడు. ముసలి కుక్క ఒకటి పరుగున వస్తే రెండు చేతులతో ఎత్తుకున్నాడు. ఎత్తుకుని ఏడ్చాడు.

"సారూ, నా సేతులు నాకొచ్చినయి. రాత్రి నా బిడ్డకు నేనే జడేసిన. మీరు మనిషి కాదు సారూ..."

వంగి కాళ్ళు పట్టుకున్నాడు. నిన్నమొన్నటి దాకా వంగలేని నడుము అది. పలక మీద కింది మచ్చ చిక్కగా, గుండ్రంగా వచ్చింది. తారామణి దాన్ని వెలుగుకు పట్టి చూస్తూ కళ్ళు తుడుచుకుంది.

డాక్టరు విశ్వనాథం షెడ్డుకే వచ్చి పెంటయ్య చేతులు తిప్పి తిప్పి చూశాడు. "చూశారా? ఇన్నాళ్ళూ నోట్లో ఎక్కడో నొక్కిపెట్టి మనల్ని మోసం చేశాడు. అమ్ముకోవడం ఆపి నిజంగా మింగడం మొదలుపెట్టేసరికి ఎలా లేచాడో! మందు ఎప్పుడూ అబద్ధం చెప్పదు" అన్నాడు.

పక్కనున్నవాళ్ళు తలలూపారు. పెంటయ్య నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. బసవరాజు వైపు చూశాడు. అతను ఒక్క మాట అంటే చాలు. కానీ మాత్ర మార్చానని ఇప్పుడు బయటపెడితే, తర్వాతి భాగం డాక్టరు జరగనివ్వడు. బసవరాజు పెన్ను మూత బిగించుకుంటూ, "పోన్లెండి డాక్టరుగారూ, ఇప్పుడు బాగున్నాడు కదా" అన్నాడు.

నవ్వి ఊరుకున్నట్టుంది ఆ మాట. వినేవాళ్ళకు మాత్రం ఒప్పుకున్నట్టే వినిపించింది.

చేతులొచ్చిన సంతోషం ముందు పెంటయ్యకు ఆ నింద పెద్దగా నిలవలేదు. సంక్రాంతి దాటేదాకా బతుకు బాగుంది. మేడిపల్లిలో చెల్లెలి ఇంటికి సైకిల్ మీదే వెళ్ళొచ్చాడు. ఇంటి గోడకు మట్టి మెత్తాడు.

తర్వాతి భాగం అప్పుడు మొదలైంది. మాత్ర మార్చడం వల్లే నయమైందని, మరే కారణమూ కాదని తేలాలంటే, మళ్ళీ పాత మాత్రకు వెళ్ళి, జబ్బు తిరగబెట్టడం చూపించాలి. కుక్కలతో అలాగే చేశాడు. ఆ సంగతి తారామణికి సీసా మీది చీటీ చూసినప్పుడు తెలిసింది.

"ఇదేంటి సార్, మళ్ళీ ప్రెడ్నిసోనా? ఆయన బాగున్నాడు కదా!"

"ఒక్క వారం, పది రోజులు. మళ్ళీ మార్చేస్తాను."

"ఆయనకు చెప్పారా?"

"చెప్తే మనసు మీద పనిచేస్తుంది. ఫలితం చెడిపోతుంది."

"పోనీ, ఇన్నాళ్ళు పనిచేసిన మందును ఒక్కసారిగా ఆపకూడదంటారు కదండీ? ఇలాంటి పదార్థం ఒంట్లో సహజంగా తయారవడం ఈపాటికి ఆగిపోయి ఉంటుంది, మందూ అందకపోతే ప్రాణం మీదికి వస్తుందట."

"ఆపడం లేదుగా. మాత్ర వేసుకుంటూనే ఉంటాడు" అన్నాడు బసవరాజు, కాస్త విసుగ్గా.

ఆ మాట అనగానే లోపల ఎక్కడో చురుక్కుమంది. పెంటయ్య ఒంట్లో ఆ మాత్ర ఉన్నా లేనట్టేనని లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు తనే. దాన్ని నిరూపించడానికే ఇదంతా. అయినా ఆ చురుకును అలాగే అణిచేసి, మర్నాడు పొద్దున పెంటయ్య నాలుక మీద పాత మాత్రలు పెట్టాడు. పెంటయ్య ఇప్పుడు తల ఎత్తుకుని, కళ్ళు తెరిచి మింగాడు. తంతు ఆపేద్దామని బసవరాజు ఎప్పుడో అన్నాడు కానీ, అతనే వద్దన్నాడు. "మీ సేతి మహిమ సారూ, మీరే ఏయున్రి" అన్నాడు.

రెండు మూడు రోజులకే కీళ్ళు పట్టేయడం మొదలైంది. పెంటయ్య భయపడి ఎవరికీ చెప్పలేదు. చెప్తే మళ్ళీ అమ్ముకున్నాడంటారని అతని బెంగ. గుండీలు రాకపోతే దుప్పటి కప్పుకుని వచ్చాడు. తర్వాత వాంతులు పట్టుకున్నాయి. నిలబడితే కళ్ళు తిరిగి గోడ పట్టుకునేవాడు. తిన్నది నిలవడం లేదని ఐలమ్మ పనికి పోవద్దంటే, "పోకుంటే గోలీ ఎవలేస్తరే? సారు సేతుల పడితెనే నాకు మంచిగైతది" అని బయల్దేరాడట.

ఆ పొద్దున అతను షెడ్డులో బోనుల మధ్య పడిపోయాడు. కుక్కల అరుపులు విని తారామణి పరుగెత్తింది. వెనకే బసవరాజు వచ్చాడు. ఒళ్ళు చల్లగా, చెమటతో తడిసి ఉంది. నాడి దొరకడం కష్టంగా ఉంది. అయినా పెంటయ్య స్పృహలోనే ఉన్నాడు. బసవరాజును చూసి నోరు తెరిచాడు, మాత్ర కోసం.

"సార్, కంపెనీ వ్యాన్ పిలిపించండి, గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్దాం" అంది తారామణి.

"పిలుస్తాను. ముందు సిరంజి తీసుకురండి."

తారామణి కదల్లేదు. అతనే వెళ్ళి తెచ్చాడు. ఈ రక్తం దొరక్కపోతే ఇన్నాళ్ళ పనికి చివరి రుజువు లేదు. నరం అంత తేలిగ్గా దొరకలేదు. ఒక చేతిలో గుచ్చి, రెండో చేతిలో గుచ్చి, చివరికి మోచేతి లోపల దొరికింది. పెంటయ్య చేతిని కొంచెం కూడా వెనక్కి లాక్కోలేదు. పరీక్షగొట్టం నిండాక, మూత పెట్టి, జేబులో నిలువుగా పెట్టుకుని, అప్పుడు బసవరాజు వ్యాన్ కోసం గేటు వైపు పరుగెత్తాడు.

వ్యాన్ తార్నాక కూడా దాటకముందే పెంటయ్య పోయాడు. కల్లుతో కాలేయం చెడి చనిపోయాడని డాక్టరు విశ్వనాథం రాసిచ్చాడు.

తారామణి పలక మీద చివరి చుక్క పెట్టలేదు. మర్నాడు రాజీనామా ఇచ్చింది. భర్తకు కాజీపేట బదిలీ వచ్చిందని అందరికీ చెప్పింది. నిజంగానే వచ్చింది. వెళ్ళే ముందు బసవరాజు గదిలోకి వచ్చి, "ఆయన నోరు తెరిచింది చూశారా సార్ మీరు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

చివరి పలక బసవరాజే చేసుకున్నాడు. అనుకున్నట్టే ఒకటే మచ్చ.

వ్యాసం రాసి రామచంద్రరావు బల్లమీద పెట్టాడు. ఆయన కళ్ళద్దాలు సవరించుకుంటూ చివరిదాకా చదివాడు. పని చక్కగా ఉందన్నాడు. తర్వాత కాగితాలు సర్ది, దారంతో కట్టాడు.

"మన కంపెనీ నిలబడిందే ప్రెడ్నిసోన్ మీద. అది కొందరికి పనిచేయదని మన నోటితో మనమే చెప్పుకోవాలా? పైగా ఇదేం కొత్త సంగతి కాదు. కాలేయం చెడ్డవాళ్ళకు నేరుగా రెండోదే ఇవ్వాలని పై దేశాల డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. మనిషిలో చూపించమన్నానని ఇంతదూరం పోతావనుకోలేదయ్యా. ఉండనీ, నా దగ్గర ఉంటుంది" అన్నాడు.

బీరువా తెరిచి లోపల పెట్టాడు. టీ తెప్పించనా అని అడిగాడు.

బసవరాజు బయటికి వచ్చి షెడ్డు గోడ పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. వచ్చింది కోపం. అది కూడా రామచంద్రరావు మీద.

అతని సిఫారసు మీదే ఐలమ్మను కుక్కల షెడ్డులో పనికి తీసుకున్నారు. ఆమె రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టేది. తన బిడ్డ అన్నం తింటున్నదంటే సారు పుణ్యమేనని ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ళతో అనేది. బసవరాజు ఆమె ఉన్న వేళల్లో షెడ్డుకు రావడం తగ్గించాడు. కానీ ఎండాకాలంలో ఒకరోజు ఎదురుపడక తప్పలేదు. ఆమె చీపురు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఒక్క మాట అడుగుత సారూ, ఏమనుకోవద్దు. దసరా ఎనుక ఆయనకు సేతులొచ్చినయి గద, గప్పుడు ఇచ్చిన గోలీ ఏంది? వేరే గోలీనా?"

ఆమె ముఖంలో అనుమానం లేదు, ఆశ ఉంది. మధ్యలో ఇచ్చింది వేరే మందైతే ముందూ వెనకా తన మనిషి మింగింది పనిచేయనిదని, అతను దొంగ కాదని తేలుతుంది, ఆమె కోరుకుంటున్న జవాబు అదే. బసవరాజుకు అది అర్థమైంది. అవునంటే ఆమె రెండో ప్రశ్న అడుగుతుంది. మరి మళ్ళీ ఎందుకు మార్చిన్రు సారూ అని అడుగుతుంది.

"కాదు ఐలమ్మా. మొదట్నుంచీ ఒకటే మాత్ర" అన్నాడు.

ఆమె కాసేపు బోనులోని కుక్కను చూస్తూ నిలబడింది.

"గట్లనా" అంది. "అంటే డాక్టరు సారు సెప్పిందే నిజమా? బిడ్డ మీద ఒట్టేసి నాకు గూడ అబద్ధమే సెప్పిండా?"

బసవరాజు ల్యాబు వైపు తిరిగాడు. ఆమె చీపురు తీసుకుని, మిగిలిన బోను కడగడానికి వంగింది.

ఆ ఏడు పెత్తరమాస నాడు ఉప్పల్‌లో ఇంటింటా పోయినవాళ్ళ పేరుమీద బియ్యం, కూరగాయలు ఇచ్చుకున్నారు. ఐలమ్మ పెంటయ్య పేరుమీద ఏమీ ఇవ్వలేదు. మేడిపల్లి నుంచి ఆడబిడ్డ వచ్చి ఎందుకియ్యవని గట్టిగా అడిగితే, బిడ్డ నెత్తి మీద ఒట్టేసి మోసం జేసినోనికి ఏమిచ్చేది లేదని, తలుపు దగ్గరేసుకుందట. ప్యాకింగ్ సెక్షన్ వాళ్ళు మర్నాడు క్యాంటీన్లో ఆ సంగతి చెప్పుకుంటుంటే పక్క బల్ల దగ్గర బసవరాజు విన్నాడు. గ్లాసులో టీ ఇంకా సగం ఉంది. తాగేసి ల్యాబుకు వెళ్ళాడు. కొత్త కుక్కలు వచ్చి ఉన్నాయి.